నీరసం వచ్చిందని బీటా బ్లాకర్ ఆపకండి, ముందు కాళ్ళ వాపు చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 54 ఏళ్ళు, రాజోలు దగ్గర ఊరు, కొబ్బరి దింపు పని. ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకీ బయటికి తోసే రక్తం, 28 శాతం. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు బాగానే ఉన్నాయి, గుండె కండరమే సాగి బలహీనపడిందన్నారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ జాతి మందు కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములు రెండు పూటలా మొదలుపెట్టి పది రోజులైంది. ఇప్పుడు నీరసం పెరిగింది, పడుకుంటే ఆయాసం వస్తోంది, బరువు కిలోన్నర పెరిగింది. బీపీ 104/70, పల్స్ 62. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు "గుండె అసలే నీరసించి ఉంటే దాన్ని ఇంకా నెమ్మది చేసే బిళ్ళేంటి" అని ఆపెయ్యమన్నారు, నీరసానికి ఒక సెలైన్ కూడా ఎక్కించారు. ఆపాలా, ఈఎఫ్ ఎప్పటికి పెరుగుతుంది, మళ్ళీ చెట్టెక్కవచ్చా అని అడిగారు.

మీ అంతట మీరు ఆపొద్దండి. అలాగని ఊరుకోనూ వద్దు, ఇవాళే గుండె డాక్టరుకి ఫోన్ చెయ్యండి. పడుకుంటే ఆయాసం, దానికి తోడు పెరిగిన బరువు, ఈ రెండూ చూస్తే ఒంట్లో నీరు చేరుతోందన్నమాటే. అందుకని డాక్టరుని ముందు అడగాల్సింది నీళ్ళ బిళ్ళ (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేది) సంగతి. మీ చీటీలో టార్సెమైడ్ 10 ఉంది, దాన్ని కొన్నాళ్ళు పెంచమంటారా అని అడగండి. కార్వెడిలాల్ ఉన్న మోతాదులోనే ఉంచాలా, కాస్త తగ్గించాలా అన్నది ఆ తర్వాతి మాట. నీరు దిగేదాకా మోతాదు పెంచడం మాత్రం ఉండదు.

ఆర్‌ఎంపీ గారి అనుమానాన్ని వెక్కిరించనక్కర్లేదు. పాతికేళ్ళ కిందటి దాకా పెద్ద పెద్ద వైద్య పుస్తకాల్లోనూ అదే ఉండేది: గుండె బలహీనపడితే బీటా బ్లాకర్ ఇవ్వకూడదని. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ డాక్టర్లు ఇలాంటి గుండె ఉన్న ఏడుగురికి ఇచ్చి, మెరుగుపడ్డారని రాస్తే చాలా ఏళ్ళపాటు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1999లో రోగులకి మందు ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాకే మాట మారింది. బిసోప్రొలాల్ మీద చేసిన సిబిస్-2లో 2,647 మంది, మెటోప్రొలాల్ సక్సినేట్ మీద చేసిన మెరిట్-హెచ్‌ఎఫ్‌లో 3,991 మంది. రెండింటిలోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. 2001లో కోపర్నికస్ అనే పరీక్షలో మీ నాన్నగారి కంటే దిగువన, ఈఎఫ్ 25 లోపు ఉన్నవాళ్ళకి ఇదే కార్వెడిలాల్ ఇచ్చారు. అక్కడ 35 శాతం తగ్గాయి. గుండె ఎంత బలహీనమో ఈ బిళ్ళ అంత అవసరం అని అప్పుడు తేలింది.

ఎందుకలా? గుండె సరిగా తోడలేకపోతే శరీరం ఊరుకోదు, అడ్రినలిన్ జాతి రసాయనాలు వదిలి గుండెని గట్టిగా, వేగంగా కొట్టమని తరుముతుంది. ఒక్క గంటకో పూటకో అది ప్రాణం నిలబెడుతుంది. నెలల తరబడి సాగితే కండర కణాలు చచ్చిపోతాయి, గుండె గది ఇంకా సాగుతుంది, లయ తప్పి హఠాత్తుగా ఆగే ప్రమాదం పెరుగుతుంది. చెరువు గట్టు మీద మోటారు ఉన్నవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు నీళ్ళు ఎత్తలేకపోయినా కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. బీటా బ్లాకర్ ఆ తరుముడుని గుండె దాకా రానివ్వదు. పైగా గుండె తన సొంత కండరానికి రక్తం పట్టుకునేది ఎక్కువగా దెబ్బకీ దెబ్బకీ మధ్య సడలినప్పుడే. దెబ్బలు తగ్గితే ఆ వ్యవధి పెరుగుతుంది.

మరి బాగుచేసే మందు మొదట్లో ఎందుకు నీరసం తెస్తుంది? అన్నాళ్ళూ ఆ తరుముడు మీదే గుండె నెట్టుకొచ్చింది. దాన్ని తీసేసిన మొదటి రెండు మూడు వారాలు తోడే శక్తి కాస్త తగ్గుతుంది, కిడ్నీలు ఉప్పూ నీరూ పట్టి ఉంచుతాయి. ఆ రోజుల్లో ఎకో తీస్తే ఈఎఫ్ ఒకటి రెండు అంకెలు తగ్గి కనిపించినా ఆశ్చర్యం లేదు. మూడో నెలకి లెక్క తిరగబడుతుంది. చాలామంది మందు వదిలేసేది సరిగ్గా ఈ మొదటి నెలలోనే. "ఆయ్, పడలేదండి, మానేశాం" అని మళ్ళీ ఆస్పత్రికి వచ్చేసరికి గుండె ఇంకో మెట్టు దిగి ఉంటుంది.

సెలైన్ సంగతి గట్టిగా చెప్పాలి. 500 మిల్లీలీటర్ల సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. నాన్నగారికి రోజు మొత్తానికి చెప్పే ఉప్పు ఐదు గ్రాముల లోపు. అంటే ఒక్క గంటలో దాదాపు ఒక రోజు ఉప్పు, దానితో అర లీటరు నీళ్ళు నేరుగా నరంలోకి వెళ్ళాయి. ఈ వారం పెరిగిన బరువులో కార్వెడిలాల్ వాటా ఎంతో, సెలైన్ వాటా ఎంతో విడదీయలేం గానీ, నన్నడిగితే ముందు సెలైన్‌నే అనుమానిస్తాను. వాంతులు, విరేచనాలై ఒళ్ళు ఎండిపోతే తప్ప ఈ జబ్బులో నీరసానికి సెలైన్ పనికిరాదు. ఆ ఎండిపోయినప్పుడైనా డాక్టరు కళ్ళెదుటే ఎక్కించాలి.

ఇప్పుడు మోతాదు. గుండె కండరం బలహీనపడిన జబ్బులో ప్రాణం కాపాడతాయని రుజువైన బీటా బ్లాకర్లు ముఖ్యంగా మూడు: కార్వెడిలాల్, బిసోప్రొలాల్, నెమ్మదిగా విడుదలయ్యే మెటోప్రొలాల్ సక్సినేట్. డెబ్భై దాటినవాళ్ళకి నెబివొలాల్ కూడా ఇస్తారు. బీపీకి వాడే అటెనొలాల్, చేతి వణుకుకి వాడే ప్రొప్రనలాల్ ఈ పనికి రావు. మందుల షాపులో అది లేదు, ఇదీ అదే అని ఇస్తే తీసుకోకండి. మెటోప్రొలాల్‌లో ఇంకో తిరకాసుంది. సక్సినేట్ వేరు, టార్ట్రేట్ వేరు. అట్ట మీద సక్సినేట్ అని, పేరు చివర ఎక్స్‌ఎల్ అనో ఈఆర్ అనో ఉండాలి. ఏఎమ్ అని తోక ఉంటే అందులో అమ్లోడిపిన్ కలిసినట్టే, ఉన్న కాస్త బీపీ ఇంకా పడిపోతుంది. ఎక్స్‌ఎల్ బిళ్ళని గీత దగ్గర విరవొచ్చు. నమలకూడదు, పొడి చెయ్యకూడదు. పొడి చేస్తే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

కార్వెడిలాల్ మెట్లు ఇలా ఉంటాయి. 3.125 రెండు పూటలా, తర్వాత 6.25, తర్వాత 12.5, చివరికి 25 రెండు పూటలా. 85 కిలోలు దాటినవాళ్ళకి 50 దాకా వెళ్ళొచ్చు. ఒక్కో మెట్టు మీద మామూలుగా కనీసం రెండు వారాలు. బిసోప్రొలాల్ అయితే 1.25తో మొదలై రోజుకి 10 దాకా, మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25తో మొదలై 200 దాకా. అందరూ పై మెట్టు ఎక్కలేరు. 6.25 దగ్గర ఆగిపోయినా సున్నా కంటే ఎంతో మేలు. కాకపోతే మొదలుపెట్టిన 3.125 మీదే ఏడాదిపాటు అదే చీటీతో మందులు కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. అది పొరపాటు. మొదటి మోతాదు గుండెకి పరిచయం చెయ్యడానికే. నీరు దిగి, ఒంట్లో కుదురుగా ఉన్నాక "ఇప్పుడు పెంచవచ్చా" అని మీరే అడగండి. కొందరు డాక్టర్లు వారం వారం చూస్తూ త్వరగా పెంచుతారు. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ పరీక్ష తర్వాత ఆ పద్ధతికీ బలం వచ్చింది, కంగారు పడకండి. ఆ వారం వారం చూపు లేకుండా మాత్రం తొందర పనికిరాదు.

కార్వెడిలాల్ పరగడుపున వెయ్యకూడదు. టిఫిను తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. కడుపులో తిండి ఉంటే మందు నెమ్మదిగా ఒంటబడుతుంది, లేవగానే కళ్ళు తిరగడం తగ్గుతుంది. చీటీలో సాకుబిట్రిల్-వల్సార్టాన్ కూడా ఉంది కదా, రెండూ ఒకేసారి మింగితే బీపీ ఒక్కసారిగా దిగొచ్చు. అలా కళ్ళు తిరుగుతుంటే మధ్యలో రెండు గంటలు ఎడం ఇవ్వండి. పొద్దున్న మంచం మీంచి చటుక్కున లేవొద్దు. కాళ్ళు కిందకి వేసి ఒక నిమిషం కూర్చుని, అప్పుడు లేవాలి.

పల్స్ ఇలా చూడండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక, బొటనవేలు మొదట్లో మణికట్టు ఎముక లోపలివైపు పల్లంలో మీ మూడు వేళ్ళ కొసలు ఆనించండి. మీ బొటనవేలుతో చూడకూడదు, దానిలో మీ నాడే కొట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే ఆగిపోతుంది, అందుకని ఆనీ ఆననట్టు ఉంచి, గడియారం చూస్తూ నిండా అరవై సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లయ తప్పే గుండెలో లెక్క తప్పుతుంది. వేలికి పెట్టుకునే చిన్న మిషను చూపించే అంకె కూడా లయ తప్పినప్పుడు నమ్మదగ్గది కాదు. మీరు రాసిన 62 చక్కటి అంకె. 50కీ 60కీ మధ్య ఉండి మనిషి హుషారుగా ఉంటే అలాగే ఉంచాలి. 50 లోపు వచ్చి కళ్ళు తిరుగుతున్నా, నీరసం ఎక్కువైనా డాక్టరుకి చెబితే మోతాదు సగం చేస్తారు, ఈసీజీ తీస్తారు. స్పృహ తప్పినా, 40 లోపు పడినా ఫోన్లతో కాలయాపన వద్దు, 108 పిలవండి.

బీపీ 104/70 అన్నారు, ఈ జబ్బులో అది భయపడాల్సిన అంకె కాదు. పైన 90 దాకా ఉన్నా కళ్ళు తిరగకుండా, మూత్రం బాగా వస్తూ, చేతులు వెచ్చగా ఉంటే డాక్టర్లు మందు కొనసాగిస్తారు. 90 లోపు పడి తూలుతుంటే కూడా ముందు కోత పెట్టేది అక్కర్లేని వాటికి. పాత బీపీ బిళ్ళ అమ్లోడిపిన్ ఇంకా వేస్తున్నారేమో, ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ ఉందేమో, నీరు పూర్తిగా దిగిపోయాక కూడా టార్సెమైడ్ అదే మోతాదులో ఉందేమో చూస్తారు.

అన్నిటికంటే ముందే పట్టిచ్చేది బరువు తూకం. పొద్దున్న మూత్రానికి వెళ్ళొచ్చాక, టీ తాగకముందు, అవే పలుచటి బట్టలతో, తూకం మిషన్ని గచ్చు మీద పెట్టి చూడండి. చాప మీదో పరుపు మీదో పెడితే తప్పు చూపిస్తుంది. కేలండర్లో ఆ తేదీ గడిలోనే రాసెయ్యండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే తిండి వల్ల కాదు, అది నీరే. తర్వాత మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పది సెకన్లు నొక్కి తియ్యండి. గుంట పడి అలాగే ఉంటే కాళ్ళలో నీరున్నట్టు. రాత్రి తలగడలు ఒకటి నుంచి రెండైనా, పడుకున్నాక లేచి కూర్చోవాల్సి వచ్చినా అదీ రాసి పెట్టండి. ఈ మూడూ ఉంటే డాక్టరుకి ఫోన్లో కూడా మోతాదు చెప్పడం తేలిక.

ఇంట్లో తెలియకుండా మందుని దెబ్బతీసేవి కొన్నున్నాయి. ఒళ్ళు నొప్పులకి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షనూ, బ్రూఫెన్ బిళ్ళా ఉప్పూ నీరూ పట్టి ఉంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. పొంగే గ్యాస్ పొడి సోడియంతో చేసిందే. గ్లకోమాకి టిమొలాల్ కంటి చుక్కలు వాడుతుంటే అదీ బీటా బ్లాకరే, రెండూ కలిసి పల్స్ బాగా దించేస్తాయి. కంటి చుక్కల్ని మందుగా ఎవరూ లెక్కెయ్యరు కాబట్టి డాక్టరుకి ఆ సంగతి తెలియదు. వెరాపమిల్, డిల్టియాజెమ్ ఈ గుండెకి అసలు పనికిరావు. ఇక ఉబ్బసం. మనవాళ్ళు ఊపిరి అందకపోతే ఏదైనా ఉబ్బసమే అంటారు. నాన్నగారికి చిన్నప్పటి నుంచీ పిల్లికూతలతో వచ్చే నిజమైన ఆస్తమా ఉంటే కార్వెడిలాల్ ఇవ్వకూడదు, డాక్టరుకి చెప్పి తీరాలి. చుట్టల వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బయితే బిసోప్రొలాల్ గానీ మెటోప్రొలాల్ గానీ జాగ్రత్తగా ఇవ్వొచ్చు.

షుగర్ ఉండి ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడుతుంటే, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మందు వల్ల బయటపడవు. చెమట మాత్రం పడుతుంది. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి ఊరికే చెమటలు పోస్తే మిషన్‌తో షుగర్ చూడండి.

ఉప్పు దగ్గర మన జిల్లాల వంట కష్టమైనదే. ఉప్పుచేప, ఎండురొయ్యలు, ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు ఇంట్లో కనిపించకుండా ఉంటేనే నోరు ఆగుతుంది. చేపల పులుసు తినొచ్చు, ఉప్పు తగ్గించి వండినది. చేప తప్పేం లేదు. లో సోడియం ఉప్పు మంచిదని ఎవరైనా చెబితే కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, నాన్నగారి చీటీలో ఉన్న స్పైరనొలాక్టోన్, వల్సార్టాన్ రెండూ పొటాషియం పెంచేవే. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కోనసీమలో ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది గానీ, బొండం నీళ్ళకీ అదే అడ్డు. ఒక పెద్ద బొండంలో అర గ్రాముకి పైనే పొటాషియం ఉంటుంది. చెట్టు కింద పనిచేసే మనిషి దాహానికి రోజూ రెండు మూడు తాగడం మామూలు. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) చూసి డాక్టరు సరేనన్నదాకా మానెయ్యమనండి. కల్లు, సారా పూర్తిగా బంద్. సాగిన గుండెకి మద్యమే కారణమయ్యే సందర్భాలు తక్కువేం కాదు, మానేస్తే కొందరిలో గుండె తేరుకుంటుంది కూడా.

మే ఎండల్లో చెమటలు పోసినా, విరేచనాలు పట్టుకున్నా నీళ్ళ బిళ్ళనీ, చీటీలో ఉన్న, మూత్రం ఎక్కువ పోయించే డపాగ్లిఫ్లోజిన్‌నీ తాత్కాలికంగా తగ్గించడమో ఆపడమో డాక్టరు చెబుతారు. కార్వెడిలాల్ మాత్రం బీపీ పడిపోతే తప్ప నడుస్తూనే ఉండాలి. ఒక్కసారిగా ఆపితే అన్నాళ్ళూ అణచి ఉంచిన తరుముడు రెట్టింపై వస్తుంది, గుండెదడ, లయ తప్పడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట మామూలు మోతాదే, రెండు కలిపి వెయ్యకూడదు. రెండు వారాలు దాటి ఆపేసి ఉంటే పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టకూడదు, మళ్ళీ 3.125 నుంచే. వరదొస్తే దారి మునిగే లంకల్లో ఉండేవాళ్ళు జూలై నుంచి సెప్టెంబరు దాకా కనీసం పదిహేను రోజుల మందులు ఎక్కువ పెట్టుకోవాలి. ఆయాసం మొదలైతే పడవ దొరికే పొద్దులోనే కదలండి, రాత్రయ్యాక రేవు దాటడం వేరే కష్టం.

చేలో పాము కరిచి విరుగుడు ఎక్కించాల్సి వస్తే, బీటా బ్లాకర్ వాడుతున్నారని అక్కడి డాక్టరుకి ముందే చెప్పండి. విరుగుడు పడక ఒళ్ళు దద్దుర్లెక్కి బీపీ పడిపోతే ఇచ్చే అడ్రినలిన్ ఈ మందు వాడేవాళ్ళలో సరిగా పనిచెయ్యకపోవచ్చు. అరుదే గానీ మన దగ్గర తెలిసి ఉండాల్సిన సంగతి.

ఈఎఫ్ గురించి. మందులు వీలైనంత మోతాదుకి చేరాక మూడు నెలలు ఆగి ఎకో తీస్తారు, అంతకు ముందు వారం వారం తీయించడం డబ్బు దండగ. కొందరికి 28 కాస్తా 40 దాటుతుంది, కొందరికి 50కి వస్తుంది, కొందరికి అంగుళం కదలదు. మూడు నెలల తర్వాతా 35 లోపే ఉంటే, హఠాత్తుగా లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే చిన్న పరికరం ఛాతీలో పెట్టాలా అని అప్పుడు ఆలోచిస్తారు. ఈఎఫ్ 50కి వచ్చిందని మందులు మానొద్దు. 2018లో ట్రెడ్-హెచ్‌ఎఫ్ అనే పరీక్షలో సరిగ్గా మీ నాన్నగారి లాంటి సాగిన గుండె కోలుకున్నవాళ్ళకి మందులు నెమ్మదిగా ఆపి చూశారు. ఆరు నెలల్లోనే నూటికి 44 మందికి జబ్బు తిరగబెట్టింది. అంటే గుండె నయమైపోలేదు, మందు పట్టి ఉంచుతోంది.

చివరిగా చెట్టు. ఇప్పుడు వద్దే వద్దు. మోతాదు పెంచుతున్నన్నాళ్ళూ నిలబడితే బీపీ పడిపోవచ్చు, నలభై అడుగుల మీద ఒక్క క్షణం కళ్ళు తిరిగితే చాలు. ఈఎఫ్ 35 లోపు ఉంటే ఇంకో భయం కూడా ఉంది, ముందు చెప్పకుండా లయ తప్పి స్పృహ పోవడం. ఆ అంకె పెరిగేదాకా చెట్టెక్కకూడదన్నది నా మాట. పెరిగాక కూడా మీ డాక్టరు నడక పరీక్ష చేసి, లయ చూసి చెప్పాలి. ఈలోగా ఖాళీగా కూర్చోబెట్టకండి. నీరు దిగాక రోజూ పది నిమిషాలు గట్టు మీద నడిపించండి, మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా. వారానికి ఐదు నిమిషాలు పెంచండి. కాయలు లెక్కపెట్టడం, రాశి పోయించడం లాంటివి రెండు మూడు నెలల్లో చెయ్యొచ్చు. గునపం మీద కొబ్బరికాయ ఒలవడం మాత్రం ఛాతీ బిగబట్టి చేసే పని, దానికి డాక్టరు అనుమతి విడిగా అడగండి.